గర్ల్ గైడ్స్ తొలి హ్యాండ్‌బుక్ (1912): తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో గైడ్స్ యూనిట్ నడిపే టీచర్లు, పాత పుస్తకాలంటే చెవి కోసుకునేవాళ్లు, అమెరికాలో కూతుళ్లను గర్ల్ స్కౌట్స్‌లో చేర్పించిన తల్లిదండ్రులు ఈ పుస్తకం గురించి మాటిమాటికీ అడిగే సంగతులివి. చిన్న ప్రశ్నకు చిన్న జవాబు, పెద్దదానికి పెద్దది.

ఇంతకీ ఏ పుస్తకం ఇది?

బ్రిటన్‌లో థామస్ నెల్సన్ సంస్థ 1912లో అచ్చువేసిన గర్ల్ గైడ్స్ హ్యాండ్‌బుక్. రెండో పేరు "హౌ గర్ల్స్ కెన్ హెల్ప్ టు బిల్డ్ అప్ ది ఎంపైర్", అంటే సామ్రాజ్య నిర్మాణానికి అమ్మాయిలు ఎలా తోడ్పడవచ్చో చెప్పే పుస్తకమన్నమాట. అంత పొడుగు పేరు పిలవలేక గైడ్లు దాన్ని "లిటిల్ బ్లూ బుక్" అనేవాళ్లు. రచయితలుగా ఆగ్నెస్ బేడెన్-పవెల్, ఆమె అన్న, స్కౌట్ ఉద్యమ స్థాపకుడు రాబర్ట్ బేడెన్-పవెల్ పేర్లు ఉంటాయి.

పుస్తకం ముందా, ఉద్యమం ముందా?

ఉద్యమమే ముందు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే పుస్తకంలోని సగం వింతలకు కారణం దానంతటదే తెలుస్తుంది.

రాబర్ట్ రాసిన "స్కౌటింగ్ ఫర్ బాయ్స్" 1908 జనవరి నుంచి పదిహేను రోజులకొక భాగం చొప్పున ఆరు భాగాలుగా వచ్చింది. ఒక్కో భాగం వెల నాలుగు పెన్నీలు. పేరులో "బాయ్స్" అని ఉంటే మాత్రం, అన్నదమ్ములు కొని తెచ్చి ఇంట్లో పడేసిన పుస్తకాన్ని అక్కచెల్లెళ్లు చదవకుండా ఎవరాపగలరు? చదివారు. చదివి ఊరుకోలేదు. నలుగురైదుగురు కలిసి జట్లు కట్టారు, కర్రలు పట్టుకుని పొలాల మీద పడ్డారు. అమ్మాయిలని తెలిస్తే తీసుకోరేమోనని పూర్తి పేరు రాయకుండా ఇనిషియల్స్‌తో స్కౌట్లుగా నమోదైనవాళ్లూ ఉన్నారు.

1909 సెప్టెంబర్ 4న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ల భారీ ర్యాలీ జరిగింది. పదివేల మందికి పైగా అబ్బాయిలు వచ్చారు. వాళ్ల మధ్యకు స్కౌట్ టోపీలు, మెడలో రుమాళ్లు, చేతిలో కర్రలతో కొందరు అమ్మాయిలు పిలవని పేరంటానికి వచ్చారు. మీరెవరని రాబర్ట్ అడిగితే తాము గర్ల్ స్కౌట్లమని చెప్పారు. పొమ్మనడానికి వీల్లేదు, వాళ్లప్పటికే వచ్చేశారు. అబ్బాయిలతో కలిపి నడిపితే ఊరుకునే కాలమూ కాదు. ఆ ఏడాది నవంబర్‌లోనే అమ్మాయిల కోసం వేరే పథకమంటూ రెండు కరపత్రాలు వెలువడ్డాయి. 1910లో గర్ల్ గైడ్స్ విడి సంస్థ అయింది. పుస్తకం చేతికందేసరికి 1912 వచ్చింది.

కాబట్టి ఈ పుస్తకం అమ్మాయిల్ని ఇంట్లోంచి బయటికి రమ్మని పిలవలేదు. వాళ్లు ఎప్పుడో వచ్చేశారు. వచ్చినవాళ్లకు పగ్గం వేయడానికి, చూసేవాళ్లకు సర్దిచెప్పడానికి రాసిన పుస్తకమిది.

"గైడ్స్" అన్న పేరు ఎక్కడిది?

మన వైపు నుంచే. వాయవ్య సరిహద్దులో 1846లో మొదలైన "కోర్ ఆఫ్ గైడ్స్" అనే సైనిక దళం ఉండేది. కొండదారుల్లో ఆనవాళ్లు పట్టడంలో, ఎంత కష్టమైనా ఓర్చుకోవడంలో వాళ్లకు పెట్టింది పేరు. భారతదేశంలో సైనికాధికారిగా పనిచేసిన రాబర్ట్‌కు ఆ దళమంటే గురి. ఇంగ్లిష్ ఆడపిల్లల సంఘానికి పఠాన్లు, సిక్కులు, గూర్ఖాలు పనిచేసిన దళం పేరు దక్కడం ఆ కాలంలో ఎంతమందికి తట్టిందో గానీ, నాకైతే భలే ముచ్చటగా ఉంటుంది.

ఆగ్నెస్ ఎవరు? అన్నగారి చాటు చెల్లెలేనా?

అలా అనుకునేవాళ్లే ఎక్కువ, అది అన్యాయం. ఆగ్నెస్ 1858లో పుట్టారు. గైడ్స్ బాధ్యత మీద పడేనాటికి యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు, తల్లి దగ్గరే ఉండేవారు. పైకి చూస్తే పద్ధతిగల ఇంటి ఆడపడుచు. ఇంట్లోకి వెళితే కథ వేరు. తేనెటీగలు, సీతాకోకచిలుకలు, పక్షులు అన్నీ ఇంట్లోనే పెంచేవారు. వయొలిన్ వాయించేవారు. తమ్ముడు బేడెన్‌కు గాలిలో ఎగిరే పిచ్చి. అతని బెలూన్లకు పట్టు గుడ్డ కుట్టడంలో చేయి వేయడమే కాదు, తానూ బెలూన్ ఎక్కి ఎగిరిన మనిషి ఆమె.

సంస్థకు తొలి అధ్యక్షురాలు ఆగ్నెసే. అప్పటి తల్లులు ఆమెను చూసి ధైర్యపడ్డారు. ఇంత మర్యాదస్తురాలు నడిపే సంఘంలో పిల్ల చెడిపోదన్న నమ్మకం కలిగింది. ఆ నమ్మకమే లేకపోతే ఎంతమంది కూతుళ్లను గడప దాటనిచ్చేవారో చెప్పలేం.

మరి పుస్తకం నిజంగా ఆమె రాసిందేనా?

సగానికి పైగా "స్కౌటింగ్ ఫర్ బాయ్స్" నుంచి తెచ్చి అమ్మాయిలకు తగ్గట్టు మార్చిందే. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఏ పేరా ఎక్కడిదో ఇట్టే పట్టుకోవచ్చు. రోగుల సేవ, పసిపిల్లల పెంపకం, వంట, ఇల్లు సర్దుకోవడం లాంటివి ఆమె చేర్చినవి. గొంతులో కూడా తేడా తెలుస్తుంది. అన్నగారు సాహసగాథ చెబుతున్నట్టు రాస్తారు, ఆమె పక్కన కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టు రాస్తారు.

లోపల ఏముంది?

భాగాల పేర్లు చూస్తేనే అసలు ఎత్తుగడ అర్థమవుతుంది. గాయపడినవారిని కనిపెట్టడం, గాయపడినవారికి సేవ చేయడం, సరిహద్దు జీవితం, ఇంటి జీవితం, దేశభక్తి.

మొదటిది గమనించండి. అడుగుజాడలు పట్టడం, సంజ్ఞలతో కబురు పంపడం, తెలియని చోట దారి కనుక్కోవడం, చుట్టూ ఉన్నవాటిని నిశితంగా చూడటం, ఇవన్నీ అబ్బాయిల పుస్తకంలో వేగు పనులు. ఇక్కడ అవే పనులకు వేరే కారణం చూపించారు. యుద్ధం వస్తే మైదానంలో గాయపడి పడిపోయిన సైనికుణ్ని ఎవరో ఒకరు వెతికి పట్టుకోవాలి కదా, ఆ పని గైడ్‌ది. 1909లోనే బ్రిటిష్ ప్రభుత్వం స్వచ్ఛంద వైద్య సహాయ దళాల పథకం మొదలుపెట్టింది గనక మాట అతికినట్టు సరిపోయింది కూడా. నర్సు పని ఆడవాళ్లది అని ఒప్పుకున్న సమాజం, ఆ నర్సు ముందు చిత్తడి నేలలో రెండు మైళ్లు జాడ పట్టుకుని నడవాలంటే కాదనలేదు. మాత్రను బెల్లంలో పెట్టి మింగించడమంటే ఇదే.

సరిహద్దు జీవితంలో గుడారం వేయడం, నిప్పు రాజేయడం, ఆరుబయట వంట, నక్షత్రాలను చూసి దిక్కు తెలుసుకోవడం ఉంటాయి. బ్రిటిష్ వలసల్లో స్థిరపడబోయే ఆడవాళ్లకు ఇవన్నీ రావాలన్నది అక్కడ చూపిన కారణం. ఇంటి జీవితం భాగం మనం ఊహించినట్టే ఉంటుంది: శుభ్రత, వంట, రోగి పడక అమర్చడం, పిల్లల సాకుడు. దేశభక్తి భాగం గురించి కింద వేరే చెబుతాను.

దొంగను కట్టేసే చిట్కా నిజంగా ఉందా?

ఉంది. ఎనిమిది అంగుళాల తాడుతో, అంటే జానెడు తాడుతో. తాడుకు రెండు కొసల్లో జారుముడి వేయాలి. దొంగ చేతులు వెనక్కి పెట్టి, రెండు చిటికెన వేళ్లకు చెరో ముడి తగిలించాలి. తర్వాత బోర్లా పడుకోబెట్టి, మోకాళ్లు వంచి, పాదాలు రెండూ ఆ తాడు కిందుగా దూర్చాలి. ఇక కదల్లేడట.

కట్టడం వరకూ లెక్క సరిగ్గానే ఉంది. అంతదాకా దొంగ చిటికెన వేళ్లు చాపి ఓపిగ్గా నిలబడాలి, అంతే. ఈ పుస్తకం గురించి ఎవరు రాసినా ముందు ఈ పేరానే ఎత్తుకుంటారు. దానివల్ల మొత్తం పుస్తకమే ఓ హాస్యమన్న అభిప్రాయం పడిపోయింది. నిజానికి దీనికి అటూ ఇటూ ఉన్న పేజీలు చాలా గట్టివి.

ముడుల మీద అంత పట్టు ఎందుకు?

కొత్తగా చేరిన అమ్మాయిని "టెండర్‌ఫుట్" అనేవారు. గైడ్ నియమాలు, సంజ్ఞలు, సెల్యూట్, బ్రిటిష్ జెండా కూర్పు, దాన్ని ఎగరేసే తీరు తెలిసి ఉండాలి. వాటితోపాటు రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బౌలైన్, ఫిషర్‌మన్స్ నాట్, షీప్‌షాంక్, వీటిలో నాలుగు ముడులు వేసి చూపాలి.

ఈ పేర్లు మన గైడ్స్ పిల్లలకు కొట్టినపిండి. బడి వరండాలో తాడు ముక్కలు పట్టుకుని నేటికీ ఇవే నేర్చుకుంటున్నారు. నూటపది ఏళ్లు దాటినా మారనిది ఈ పుస్తకంలో ఏదైనా ఉందంటే ముడులే. దేని పని దానిది. రీఫ్ నాట్ చదునుగా ఒదిగి కూర్చుంటుంది, కట్టు కట్టేటప్పుడు ఒంటికి ఒత్తుకోదు. షీట్ బెండ్ లావు తాడుకు సన్నతాడు కలపడానికి. క్లోవ్ హిచ్‌తో గుంజకు కట్టడం మొదలుపెడతారు. బౌలైన్ వేసిన ఉచ్చు ఎంత లాగినా బిగుసుకోదు, మనిషిని పైకి లాగాలన్నా కిందికి దించాలన్నా అదే దిక్కు. పొడవెక్కువైన తాడును కోయకుండా కుదించడానికి షీప్‌షాంక్.

రీఫ్ నాట్‌లో అందరూ తడబడేది ఒక్కచోటే. మొదటిసారి కుడి కొసను ఎడమ కొస మీదుగా తిప్పాలి, రెండోసారి ఎడమ కొసను కుడి కొస మీదుగా. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే చూడ్డానికి రీఫ్‌లాగే ఉంటుంది గానీ కాదు, బరువు పడగానే జారుతుంది. సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే కొసలు చూడండి: ముడిలోంచి బయటికొచ్చిన కొస తన తాడు పక్కనే దానికి సమంగా పడుకుని ఉండాలి. అడ్డంగా నిక్కి చూస్తుంటే విప్పి మళ్లీ వేయాల్సిందే.

ఇంకా ఏ పరీక్షలు ఉండేవి?

టెండర్‌ఫుట్ తర్వాత సెకండ్ క్లాస్, ఆపైన ఫస్ట్ క్లాస్. రెండు అగ్గిపుల్లలకు మించి వాడకుండా పొయ్యి రాజేయడం సెకండ్ క్లాస్‌లో పేరున్న పరీక్ష. ఇంగ్లండ్ వానల్లో తడిసిన పుల్లలతో అది చిన్న పనేమీ కాదు. సెమఫోర్ జెండాలతోగానీ మోర్స్ కోడ్‌తోగానీ అక్షరాలు పంపడం కూడా ఉండేది.

వీటిపైన బ్యాడ్జీలు. వంట, కుట్టు, రోగి సేవ, చాకిరేవు పనికే కాదు, సైకిల్ తొక్కడం, ఈత, విద్యుత్ పని, టెలిగ్రాఫ్‌లకు కూడా బ్యాడ్జీలుండేవి. ఆడవాళ్లకు ఓటుహక్కు లేని దేశంలో పద్నాలుగేళ్ల పిల్ల చేతి మీద విద్యుత్ పని బ్యాడ్జీ! వ్యాసాల్లో ఎక్కువగా కనపడేది వంట బ్యాడ్జీయే.

యూనిఫాం ఎలా ఉండేది?

1909 కరపత్రంలోని జాబితా చూడండి: కంపెనీ (అంటే గైడ్ల దళం) రంగు జెర్సీ, అదే రంగు మెడ రుమాలు, ముదురు నీలం స్కర్టు, మేజోళ్లు, తలకు ఎర్ర టోపీ, ఎండాకాలమైతే పెద్ద గడ్డి టోపీ. భుజాన సంచి, వంటగిన్నె, తాడుకు వేలాడే చాకు, చేతిలో తేలికపాటి కర్ర. మీద వేసుకునే కేప్ అక్కర్లేనప్పుడు వీపు మీదికి మడిచి తగిలించుకోవాలి. వీధి చివరి దుకాణానికి వెళ్లాలన్నా తోడు కావాల్సిన రోజుల్లో ఆడపిల్ల నడుముకు చాకు! ఆ ఒక్క వస్తువు మీదే ఇరుగుపొరుగులు ఎన్ని మాటలు అనుకుని ఉంటారో.

పాట్రోల్ అనే చిన్న జట్లకు అబ్బాయిల్లాగా జంతువుల పేర్లు కాకుండా పూల పేర్లు పెట్టమన్నారు. తోడేలు, ఎద్దు లాంటి పేర్లు పెట్టుకుని తిరిగిన తొలి అమ్మాయిలకు ఇది ఏమాత్రం నచ్చలేదు.

ఇది స్త్రీవాద పుస్తకమా, ఇంటిపని పుస్తకమా?

రెండు వైపులవాళ్లూ తమకు కావాల్సిన పేజీ చూపించగలరు. గైడ్స్‌లో చేరితే పిల్లలు మగరాయుళ్లు అయిపోతారన్నది ఆనాటి పెద్ద భయం. ఆగ్నెస్ అలా కానివ్వమని పదేపదే హామీ ఇస్తారు. మంచి తల్లులు, మంచి భార్యలు అవుతారంటారు. ఎక్కువ శ్రమ పడితే ఆడపిల్ల గుండె దెబ్బతింటుందని హెచ్చరిస్తారు. ఆరోగ్యం మీద రాసిన చోట "రహస్యమైన చెడు అలవాట్లు" పిచ్చాసుపత్రికి దారి తీస్తాయని భయపెట్టే మాటలు కూడా ఉన్నాయి. అవి చదివితే ఒళ్లు మండుతుంది, మండాలి కూడా.

అయితే ఒక పని చేయండి. హామీలిచ్చే వాక్యాలను పక్కన పెట్టి, చేయమని చెప్పిన పనులను మాత్రమే వరుసగా రాసుకోండి. రాత్రిపూట ఆకాశం చూడు, నిప్పు రాజెయ్యి, జాడ పట్టు, కోడ్‌లో కబురు పంపు, విరిగిన చెయ్యికి కట్టు కట్టు, పొదుపు చెయ్యి, నీ జట్టుకు నువ్వే నాయకత్వం వహించు. హామీలు తల్లులు చదవడానికి, పనులు కూతుళ్లు చేయడానికి. ఆగ్నెస్ అలా కావాలనే రాశారని నేననను. ఆమె ఆ హామీలను మనస్ఫూర్తిగానే నమ్మి ఉంటారు. కానీ పుస్తకం పనిచేసిన తీరు అదే.

గైడ్ నియమాలు ఇప్పటివేనా?

అప్పట్లో పది. మాట మీద నిలబడటం, విధేయత, ఇతరులకు సాయపడటం, అందరికీ స్నేహితురాలిగా, ఏ వర్గానికి చెందినా ప్రతి గైడ్‌కూ సోదరిగా ఉండటం, మర్యాద, జంతువుల పట్ల ప్రేమ, ఆజ్ఞ పాటించడం, కష్టంలోనూ నవ్వుతూ పాడుతూ ఉండటం, పొదుపు, మనోవాక్కాయకర్మల్లో స్వచ్ఛత. మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నియమాలు తొమ్మిది. అందులో ప్రభుత్వ ఆస్తుల్ని కాపాడటం చేరింది, నవ్వుతూ పాడటం పోయింది. ఈ మార్పిడి నాకు నచ్చలేదు, అయినా బస్సు అద్దాల సంగతి తెలిసినవాళ్లు ఆ అవసరాన్ని కాదనలేరు.

సామ్రాజ్యం భజన మనం ఎందుకు చదవాలి?

దేశభక్తి భాగం మనకు చేదుగానే ఉంటుంది. సామ్రాజ్యం అంటే సహజమైన మంచి వస్తువన్నట్టు, దాన్ని నిలబెట్టడం ఇంగ్లిష్ తల్లుల బాధ్యత అన్నట్టు రాశారు. అందులో ఏలుబడిలో ఉన్నవాళ్ల మాట ఎక్కడా వినపడదు. దాన్ని సర్ది చదవక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చదివితేనే ఆ తరానికి బడిలో, ఆటలో, పాటలో సామ్రాజ్యాన్ని ఎలా నూరిపోశారో తెలుస్తుంది. చరిత్ర టీచర్‌కు ఈ భాగం మిగతావాటికంటే ఎక్కువ పనికొస్తుంది.

దిక్కులు కనుక్కునే పద్ధతులు మన దగ్గర పనిచేస్తాయా?

కొన్ని చేస్తాయి, కొన్ని మోసం చేస్తాయి. సప్తర్షి మండలంలో తోకకు దూరంగా అవతలి అంచున ఉన్న రెండు నక్షత్రాలను కలిపి గీత సాగదీసి ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోవడం ఇక్కడా పనిచేస్తుంది. కాకపోతే లండన్‌లో ధ్రువుడు దాదాపు 51 డిగ్రీల ఎత్తున కనిపిస్తే, హైదరాబాద్‌లో సుమారు 17 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. పైకి వెతికితే దొరకడు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే అది ఇంచుమించు పది డిగ్రీలు. ఉత్తరాన నేల అంచు నుంచి పిడికిలిన్నర పైకి కొంచెం ఎక్కువగా చూడాలి. చెట్లూ మేడలూ అడ్డొచ్చే చోట నిలబడితే లాభం లేదు, చెరువుగట్టు మేలు.

ఆనాటి స్కౌట్లు నేర్చుకున్న గడియారం చిట్కా, గంటల ముల్లును సూర్యుడి వైపు పెడితే దానికీ 12కీ మధ్య దక్షిణం వస్తుందనేది, ఇంగ్లండ్‌కు తగిన చిట్కా. మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో ఈ చిట్కా నమ్ముకుంటే దక్షిణమనుకుని ఉత్తరానికి పోతారు. క్యాంపుకు తీసుకెళ్లే టీచర్లు పిల్లలకు ఇది విడమరిచి చెప్పాలి.

ప్రథమ చికిత్స పాఠాలు పాటించవచ్చా?

వద్దు. కట్లు కట్టే పద్ధతి వరకూ చూడండి, మందూ మాకూ జోలికి పోకండి. ముఖ్యంగా పాముకాటు. కాటు పైన తాడు బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో విషం పీల్చడం ఆ కాలపు స్కౌట్ పాఠాలు. ఇవి మూడూ హాని చేస్తాయని ఇప్పుడు తెలుసు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా, 108కి ఫోన్ చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే పని.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ చదువు ఉపయోగపడిందా?

పడింది, అదీ ఊహించని చోట. బ్రిటిష్ నిఘా సంస్థ ఎంఐ5 లండన్ ఆఫీసులో కాగితాలు అటూ ఇటూ చేరవేయడానికి మొదట బాయ్ స్కౌట్లను పెట్టుకుంది. పని లేనప్పుడు వాళ్ల అల్లరి భరించలేక 1915లో గర్ల్ గైడ్లను తీసుకుంది. నోరు జారరు, నమ్మకస్తులు అని పేరు తెచ్చుకున్నారు. వారానికి పది షిల్లింగులు జీతం, భోజనం. కొన్ని కబుర్లు కాగితం మీద కాక నోటితో చేరవేయించేవారు. జ్ఞాపకశక్తి పెంచే "కిమ్స్ గేమ్" వీళ్లకు తెలిసినదే: పళ్లెంలో పాతిక దాకా చిన్న వస్తువులు పెట్టి, ఒక్క నిమిషం చూపించి, గుడ్డ కప్పేసి, గుర్తున్నవన్నీ రాయమనడం. కిప్లింగ్ రాసిన "కిమ్" నవలలో సిమ్లా దుకాణంలో జరిగే ఆట అది. మన స్కౌట్స్, గైడ్స్ మీటింగుల్లో ఈ రోజుకూ ఆడిస్తారు.

ఈ పుస్తకం ఎంతకాలం వాడారు?

ఆరేళ్లు. 1918లో రాబర్ట్ సొంతంగా "గర్ల్ గైడింగ్" రాసి దీని స్థానంలో పెట్టారు. అప్పటికి ఆయన భార్య ఓలేవ్ సంస్థలో ముందుకొచ్చారు. 1916లో చీఫ్ కమిషనర్, 1918లో చీఫ్ గైడ్. ఆగ్నెస్ క్రమంగా వెనక్కి జరిగారు. 1920లో యువరాణి మేరీ అధ్యక్షురాలయ్యాక ఆమెకు మిగిలింది ఉపాధ్యక్ష పదవి. 1945లో చనిపోయారు. యుద్ధంలో ఆడవాళ్లు బస్సులు నడిపి, ఫ్యాక్టరీల్లో గుండ్లు తయారుచేశాక 1912 నాటి బుజ్జగింపు మాటలు పాతబడిపోయిన మాట నిజమే. కానీ ఆ బుజ్జగింపుతో దారి తెరిచిన మనిషిని సంస్థ తొందరగా మరిచిపోయింది.

అమెరికాలో మా అమ్మాయి గర్ల్ స్కౌట్. వాళ్ల పుస్తకానికీ దీనికీ చుట్టరికం ఉందా?

దగ్గరి చుట్టరికమే. జూలియెట్ గోర్డన్ లో అనే ఆమె 1911లో బ్రిటన్‌లో రాబర్ట్‌ను కలిసి, గైడ్స్ పని నేర్చుకుని, 1912 మార్చి 12న జార్జియా రాష్ట్రంలోని సవానాలో 18 మంది అమ్మాయిలతో మొదలుపెట్టారు. మొదట్లో వాళ్లూ గైడ్లే, 1913లో గర్ల్ స్కౌట్లయ్యారు. అదే ఏడాది ప్రకృతి పరిశీలకుడు వాల్టర్ హాక్సీ ఈ బ్రిటిష్ పుస్తకాన్నే అమెరికాకు తగ్గట్టు మార్చారు. పేరు "హౌ గర్ల్స్ కెన్ హెల్ప్ దెయిర్ కంట్రీ". సామ్రాజ్యం పోయి దేశం వచ్చింది. 1920లో వచ్చిన "స్కౌటింగ్ ఫర్ గర్ల్స్" ఐదు వందల పేజీలు దాటిన పెద్ద పుస్తకం, చెట్లూ పక్షులూ పురుగుల గురించి చదవాలంటే అదే మేలు. కుకీల అమ్మకం మాత్రం ఈ పుస్తకాల్లోంచి రాలేదు, అది 1917లో ఓక్లహోమాలోని మస్కోగీలో ఒక ట్రూప్ మొదలుపెట్టిన పని.

భారతదేశానికి ఎప్పుడు వచ్చింది?

పుస్తకం కంటే ముందే. 1911లో జబల్‌పూర్‌లో తొలి కంపెనీ పెట్టారు, అది యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ పిల్లల కోసం. భారతీయ బాలికలకు తలుపు తెరిచింది 1916లో. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది, మరుసటి ఏడాది ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ సంఘం అందులో కలిసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్లో బుల్‌బుల్స్‌గా చేరి, గైడ్స్‌గా ఎదిగి, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు దాకా వెళ్లే పిల్లలు ఈ శాఖవాళ్లే. పుణెలో 1966లో మొదలైన "సంగం" ప్రపంచ గైడ్స్ కేంద్రాల్లో ఒకటి, తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లడానికి దూరమేమీ కాదు.

ఎక్కడ చదవవచ్చు? ముందు ఏ భాగం?

కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. 1920 నాటి అమెరికన్ పుస్తకం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. 1912 పుస్తకం చదివేవాళ్లు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి, నియమాలూ హితబోధలతో విసుగొస్తుంది. సరిహద్దు జీవితం ముందు చదవండి, తర్వాత గాయపడినవారిని కనిపెట్టడం, ఆ తర్వాతే మిగతావి. పక్కన రెండు బారల తాడు ఉంచుకోండి. ముడుల బొమ్మలు కంటితో చూస్తే ఎక్కవు.